జనాభా లెక్కల్లో దొరకని మా సిపాయి
(తిరుచానూరులో జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మేము బడిలో చెప్పేది ఉర్దూలో. ఈ ప్రసంగం మాత్రం తెలుగులోనే ఉండాలని కార్యదర్శి గారు పట్టుబట్టినారు. "మన పిల్లల్లో సగం మందికి ఉర్దూ చదవను రాదు మాస్టరు గారూ, మీ తెలుగు ఎట్లున్నా ఫరవాలేదు" అన్నారు. కాబట్టి తప్పులు దొర్లితే ఆయన్నే అడగండి.

మేము చెప్పబోయేది మా పర్‌దాదా సంగతి. అంటే మా తాత గారి తండ్రి. ఒక కుటుంబం గొడవ సభలో ఎందుకని మీకు అనిపించవచ్చు. అయితే ఇలాంటి మనిషి మన ఇళ్ళలో చాలామందికి ఉన్నాడు. "మా ముత్తాత పట్టాళంలో పోయినాడంట, మళ్ళీ రాలేదంట" అనే మాట ఈ వూళ్ళోనే మూడు నాలుగు ఇళ్ళలో విన్నాము. ఆ ఇళ్ళవాళ్ళకు పనికొస్తుందని చెబుతున్నాము.

మన వైపు సిపాయి అంటే కొత్తగాదు. 1740లో దామలచెరువు కనుమ దగ్గర మరాఠాల చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయినాడు. 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్ను మూసింది చిత్తూరు దగ్గర దండులోనే. 1806 జూలై 10న వేలూరు కోటలో తిరగబడినవాళ్ళు మద్రాసు సిపాయిలు. ఇంత జరిగిన నేల మీద, నవాబు దండులోనో కంపెనీ పట్టాళంలోనో ఒక్కడైనా లేని సాయిబుల ఇల్లు తక్కువ. పేర్లు మిగిలింది మాత్రం పై హోదాల వాళ్ళవి.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇంతే. పర్‌దాదా ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవాడు. స్వర్ణముఖి వొడ్డున కొంచెం సేద్యం ఉండేది. వానలు లేక అది తిండికి చాలక, రేణిగుంటలో రైలెక్కి బెంగుళూరు పోయి పట్టాళంలో చేరినాడు. పోయేనాటికి మా దాదా చంటిబిడ్డ. తర్వాత ఆయన్ను 'బస్రా'కు తీసుకపోయినారు. అంతటితో కథ ఆగిపోతుంది. ఎవరో ఆయన అక్కడ ఇంకో నికా చేసుకుని నిలిచిపోయినాడని అన్నారట. అది విని మా పర్‌దాదీ ఆ అన్నవాళ్ళ గడప మళ్ళీ తొక్కలేదట. ఇది మా దాదీ నోట చిన్నప్పుడు విన్నదే గాని, ఆమె కూడా అత్త నోట విన్నదే.

తర్వాత పర్‌దాదా తండ్రి గారు పోయినారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మన షరీఅత్ ప్రకారం, తండ్రి బతికి ఉండగానే ఒక కొడుకు చనిపోయి, వేరే కొడుకులు ఉంటే, చనిపోయినవాని పిల్లలకు తాత ఆస్తిలో భాగం రాదు. వాళ్ళను మహ్‌జూబ్ అంటారు. తాత తలచుకుంటే మూడో వంతు లోపల వసీయతు రాసి ఇవ్వవచ్చు. రాయకపోతే లేదు. పాకిస్తానులో 1961లో ఆర్డినెన్సు తెచ్చి ఆ పిల్లలకు భాగం ఇప్పించినారు గాని, మన దేశంలో పాత పద్ధతే. అదే, తండ్రి పోయేనాటికి కొడుకు ప్రాణంతో ఉన్నాడనుకోండి, ఎంత దూరదేశంలో ఉన్నా సరే అతని భాగం అతనిదే. ఉన్నాడో లేడో తెలియకపోతే, అతన్ని మఫ్‌ఖూద్ అని, ఆ భాగం విడిగా ఆపి పెట్టమని ఫిఖహ్ చెబుతుంది.

చూడండి, ఒక మనిషి పోయిన తారీఖు మీద ఒక పసిబిడ్డ తిండి ఆధారపడి ఉంది. చిన్నాన్నలు "అన్న ముందే పోయినాడు" అన్నారు. పర్‌దాదీ "లేదు, బతికే ఉన్నాడు, వస్తాడు" అన్నది. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. భూమి రెండు భాగాలైంది, మూడు కాలేదు. ఆమె బిడ్డను చంకన వేసుకుని పుట్టింటికి పోయింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి, తెర వెనుక ఉన్న తల్లులు వినవలసింది. మగడు తప్పిపోయిన ఆడదానికి ఆ రోజుల్లో మన హనఫీ పద్ధతిలో దారి దాదాపు మూసుకుపోయి ఉండేది. మగని ఈడువాళ్ళంతా పోయేదాకా, కొందరి లెక్కన అతనికి తొంభై ఏళ్ళు నిండేదాకా, ఎదురు చూడవలసిందే. మాలికీ మార్గంలో నాలుగేళ్ళ గడువు ఉంది. ఆ మార్గం పట్టవచ్చునని మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారు 1930ల తొలినాళ్ళలో పుస్తకం వెలువరించినారు. 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టం వచ్చినప్పుడు, నాలుగేళ్ళు జాడ లేని భర్త నుంచి భార్య విడుదల కోరవచ్చునని మొదటి కారణంగానే చేర్చినారు. చట్టం వచ్చేనాటికి మా పర్‌దాదీ నలభై దాటి ఉంది. పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు అడిగినా వద్దనే అన్నదని వింటాము. ఇష్టం లేక అన్నదో, మార్గం లేక అన్నదో ఇప్పుడెవరు చెబుతారు.

అప్పటినుంచి మా రెండు ఇళ్ళ మధ్య పెళ్ళిపత్రిక పోలేదు. జనాజాకు మాత్రం వస్తారు, మూడు పిడికిళ్ళ మట్టి వేసి పోతారు. "మన భాగం తిన్నవాళ్ళు" అని మేము పాలు తాగే వయసు నుంచి విన్నాము. మా పిల్లలూ విన్నారు.

ఇక వెతుకులాట సంగతి. మా బావమరిది కొడుకు ఇంగ్లండులో పనిచేస్తున్నాడు. 2022 జనవరిలో అక్కడ 1921 నాటి జనాభా లెక్కల కాగితాలు అందరికీ తెరిచినారు. నూరేళ్ళు దాటిన లెక్కలు అక్కడ ఎవరి పేరైనా వెతుక్కోవచ్చు. వాడు ఫోన్ చేసి, "మామా, మన 1921 లెక్కల్లో తాత పేరు చూస్తే సరిపోయె గదా, ఉంటే బతికినట్టు, లేకుంటే లేనట్టు" అన్నాడు. మాకు అది దివ్యంగా తోచింది. దాదాపు ఏడాది ఆ మాట పట్టుకుని తిరిగినాము. ఒక కచేరీలో పోయిన వారం రమ్మన్నవారే ఈ వారం మేమెవరని అడిగినారు. ఇంకొక చోట అలమర తెరిస్తే చెదపురుగుల మట్టి రాలింది. చివరికి ఆ దఫ్తరాల సంగతి తెలిసిన ఒక పెద్దమనిషి జాలిపడి విషయం చెప్పినారు. మీరు ఆ ఏడాది వృథా చేసుకోకూడదని మేమిప్పుడు చెబుతున్నాము.

మన దేశంలో పాత జనాభా లెక్కల్లో పేర్లు మిగలలేదు. మద్రాసు రాజధానిలో 1871 నవంబరు 15న లెక్క తీసినారు. దాని నివేదిక కార్నిష్ దొర రాసింది. అందులో మన వాళ్ళను షేకులు, సయ్యదులు, పఠానులు, మొఘలులు, లబ్బైలు, మాపిళ్ళలు అని గళ్ళు గీసి లెక్కించినారు. దేశమంతా ఒకేసారి లెక్క తీసింది 1881 ఫిబ్రవరి 17న. అప్పటినుంచి 2011 దాకా పదేళ్ళకొకసారి. లెక్క తీసేవాడు ఇంటింటికి పోయి ఫారంలో పేరు రాసుకునేవాడు, నిజమే. ఇంటి ఆడవాళ్ళ పేర్లు చెప్పడానికి మగవాళ్ళు ఒప్పుకోకపోతే వట్టి 'స్త్రీ' అని రాసుకోమని వాళ్ళకు సూచన ఉండేది. మన ఇళ్ళలో ఎన్ని ఫారాల్లో వట్టి 'స్త్రీ' ఉండి ఉంటుందో ఊహించుకోండి. 1901 నుంచి ఆ ఫారాల లోని వివరాలు చిన్న చీటీల మీదికి ఎక్కించి, చీటీలు వేరు చేసి లెక్కగట్టినారు. లెక్క పట్టికల్లోకి ఎక్కినాక ఫారాలు, చీటీలు నాశనం చేసినారు. అంకెలు అచ్చయినాయి, మనుషులు పోయినారు. తర్వాత 1948 చట్టంలోనైతే జనగణన కాగితాలు ఎవరూ చూడరాదనే ఉంది.

ఒకవేళ ఫారాలు మిగిలి ఉన్నా మా పర్‌దాదా దొరికేవాడు కాదు. ఆ కాలపు పద్ధతి ఏమంటే, లెక్క తీసే రాత్రి ఎవడు ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. 1921లో అది మార్చి 18. దండులో ఉన్నవాడు దండులో, రైల్లో ఉన్నవాడు రైల్లో. సముద్రం అవతల ఉన్న సిపాయి తిరుచానూరు లెక్కలోకి ఎందుకు వస్తాడు? కాబట్టి ఆయన ఒక్కడే అందులోంచి తప్పిపోలేదు. పేరు పేరున వెతికితే మన పెద్దలెవ్వరూ అందులో లేరు.

పనిలో పని, ఇంకొక పొరపాటు కూడా చెప్పి వదులుతాము. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లా అనేది లేదు. మన చంద్రగిరి తాలూకా అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి మనం తిరుపతి జిల్లా. కాబట్టి పాత కాగితం అడిగేటప్పుడు ఏ సంవత్సరానికి ఏ జిల్లా అని చూసుకోండి. ఉత్తర ఆర్కాటు కాగితాలంటే ఎగ్మూరులోని తమిళనాడు రికార్డుల కార్యాలయం దాకా పోవలసి రావచ్చు. పేర్లు నిజంగా ఉండేవి వేరే ఉన్నాయి. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో దర్గాలకు, మసీదులకు, ఖాజీలకు ఉన్న మాన్యాల కింద అనుభవదారుల పేర్లు ఉంటాయి. 1899 చట్టం తర్వాతి జనన మరణ రిజిస్టర్లు, ఖాజీ గారి నికా పుస్తకాలు, బడి అడ్మిషను రిజిస్టర్లు కూడా చూడదగినవి. 1984లో కరణాల, మునసబుల పద్ధతి రద్దయినప్పుడు కొన్ని కట్టలు చేతులు మారినాయి గాని అన్నీ పోలేదు.

మాకు మాత్రం దారి దొరికింది మా వంటింట్లో.

మా దాదీ కందిపప్పు డబ్బా మీద మూతగా ఒక గుండ్రటి కంచు బిళ్ళ ఉండేది. అరచేయంత ఉంటుంది, బరువు. దాని మీద ఒక ఆడబొమ్మ, ఒక సింహం ఉన్నాయి. నమాజు చదువుకునే ఇంట్లో బొమ్మ ఎందుకని దాన్ని ఎప్పుడూ బోర్లించి పెట్టేవారు. అందుకే దాని మీద ఏముందో మా ఇంట్లో ఎవరూ చదవలేదు. ఒక రోజు పప్పు డబ్బా కడిగేటప్పుడు మా ఇంటావిడ "ఏమండీ, దీని మీద పేరుంది" అన్నది. చూస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో మా పర్‌దాదా పేరు! ఫోటో తీసి ఇంగ్లండుకు పంపితే, వాడు వెంటనే ఫోన్ చేయలేదు. రాత్రి చేసినాడు. "మామా, ఇది పతకం కాదు. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఇంటికి పంపిన బిళ్ళ" అన్నాడు.

నిజం. 1919 నుంచి బ్రిటిషు ప్రభుత్వం తన సైన్యాల్లో చనిపోయిన ప్రతివాని కుటుంబానికీ ఇలాంటిది పంపింది. మొత్తం పదమూడు లక్షలకు పైగా పోత పోసినారు. అందరి త్యాగమూ ఒకటేనని హోదా రాయకుండా పేరు మాత్రమే వేసినారు. అంటే ఆయన ఇక లేడనే కబురు కంచులో పోసి మా ఇంటికి పంపినారు, మేము దాన్ని బోర్లించి పప్పు మీద మూత పెట్టుకున్నాము. దాదీ బతికి ఉంటే ఈ మాట ఆమెకు ఎట్లా చెప్పేవాళ్ళమో తెలియదు. పట్టాళం నుంచి ఉత్తరం రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చినా ఇంగ్లీషులో వచ్చి ఉంటుంది, అదీ వారసుడిగా ఎవరి పేరు రాయించి ఉంటే వారికి. చదివి పెట్టినవాడు ఏమి చెప్పినాడో, విన్నవాళ్ళు ఏమి దాచినారో.

అయితే బిళ్ళ మీద తారీఖు లేదు, నంబరు లేదు, రెజిమెంటు లేదు. షేకు పేర్లు మీకు తెలియనివి గావు. ఇంటికొక మస్తాన్ వలీ, వీధికొక ఖాదర్ బాషా. ఇంటిపేరు మన వాళ్ళు తెలుగువాళ్ళ మాదిరి వాడుకుంటారు గాని పట్టాళం గుమాస్తా దాన్ని రాయడు. 'షేక్' ఒక్కదాన్నే ఇంగ్లీషులో అయిదారు విధాలుగా రాసినారు. నంబరు కావాలంటే పతకం కావాలి. ఆ యుద్ధపు వెండి పతకం అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. అది మా దగ్గర లేదు. ఉంటే ఆ ఇంట్లోనే ఉండాలి, ఎందుకంటే పర్‌దాదా తండ్రి గారి ఇంట్లో మిగిలింది వాళ్ళే.

పోవడానికి మాకు మూడు నెలలు పట్టింది. మా అమ్మీ అన్నది, "పోయి అడిగితే ఏమి పోతుంది, ఇప్పటికే పోయింది గదా." ఒక జుమా రోజు నమాజు అయినాక పోయినాము. ఆ ఇంటి పెద్ద మాకు వరుసకు చిచ్చా అవుతారు. ఎనభై దాటినవారు. తలుపు తీసి ఒక క్షణం చూసి, "రా బేటా, లోపలికి రా" అన్నారు. సంగతి చెబితే మారు మాట్లాడక రేకుపెట్టె తెరిపించినారు. పాత చీరపేలికలో చుట్టి ఉంది. "ఒకసారి కరిగించి పట్టీలు చేయిద్దామన్నారు, మా అమ్మ వద్దనింది. ఇది వాళ్ళది, మనది గాదు అనింది" అని మా చేతిలో పెట్టినారు. ఖురాన్ చదువుకునే భూతద్దం ఆయనదే తీసుకుని అంచు చదివినాము. నంబరు, తర్వాత శాపర్ అని, పేరు, చివర రెండో శాపర్స్ అండ్ మైనర్స్ అని పొడి అక్షరాలు. అంటే బెంగుళూరులోని మద్రాసు శాపర్లు. వంతెనలు కట్టేవాళ్ళు, కందకాలు తవ్వేవాళ్ళు. చిచ్చా అన్నారు, "మా ఇంట్లో అందరిదీ బావులు తవ్వే చెయ్యి, అక్కడా అదే పని ఇచ్చినారు."

మిగిలింది సులువు. కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘం అని 1917 నుంచి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు వాళ్ళ ఇంటర్నెట్ జాబితాలో ఎవరైనా రుసుము లేకుండా వెతకవచ్చు. పేరుతో వెతికితే దొరకలేదు. నంబరు, దళం చూసి వెతికితే దొరికింది. పేరులో రెండక్షరాలు తేడా. తండ్రి పేరు సరిపోయింది. వూరు తిరుచానూరు, చంద్రగిరి, చిత్తూరు అని ఉంది. తారీఖు 1917 జూలై. స్మారకం, బస్రా.

ఆ నెల మెసొపొటేమియాలో ఎండ భయంకరం. రమాదీ మీద జూలైలో చేసిన దాడి ఎండదెబ్బకే విఫలమైంది, గుండ్లకన్న ఎండకు పడినవాళ్ళే ఎక్కువ. మా వాడు దానికే పోయినాడని మేము అనము, కాగితంలో కారణం లేదు. సమాధి లేదు. బస్రా స్మారకం 1929లో కట్టినారు. సమాధి తెలియని నలభై వేల మందికి పైగా అక్కడ లెక్క. కాని ఆ పలకల మీద పేర్లు బ్రిటిషు సైనికులవి, భారతీయ అధికారులవి. మన మామూలు సిపాయిలకు రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని అంకె. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంచినారు, రాతి మీద కాదు. 2021 ఏప్రిల్‌లో ఆ సంఘమే నివేదిక వేసి, తక్కువలో తక్కువ 1,16,000 మందిని, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో గుర్తించలేదని, లేదా అసలే గుర్తించలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా వాళ్ళే. జనాభా లెక్కల్లో అంకె, బస్రా రాతి మీదా అంకె. ఆ స్మారకాన్ని 1997లో సద్దాం హుసేన్ ఆజ్ఞతో విప్పి, నాసిరియా దారిలో ఎడారిలోకి మార్చినారు.

ఇప్పుడు అసలు మాట. చిచ్చా ఇంటి పాత ఖురాన్ అట్ట లోపలి పేజీలో, పర్‌దాదా తండ్రి గారు పోయిన రోజు రాసి ఉంది. మన బడిలో నేర్పే అక్షరాలే, కొంచెం గొలుసుగా. హిజ్రీ 1337 రంజాన్. అంటే 1919 జూన్. కొడుకు పోయింది 1917లో, తండ్రి పోయింది 1919లో. అన్న ముందే పోయినాడని చిన్నాన్నలు అన్నది నిజం. భాగం మాకు రాదు. ఎప్పుడూ రాలేదు.

ఆ కాగితాన్ని వారం రోజులు బీరువాలో పెట్టినాము. చూపించకపోతే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాము, దాచడమెందుకు. తర్వాత పోయి చిచ్చా ముందు పెట్టి చదివి చెప్పినాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అప్పుడు అన్నారు, "లెక్క మాదే సరిపోయిందిలే బేటా. కాని మా దాదా చివరి రోజుల్లో ఒకటే మాట అనేవాడంట, ఆ పిల్లోడికి ఒక గుంటైనా ఇచ్చి ఉండవలసింది అని." సూరా నిసాలో పంపకం వేళ దగ్గరున్న చుట్టాలకు, యతీములకు కూడా కొంత ఇమ్మని ఉంది గదా. ఆ వాక్యం ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఇద్దరమూ ఎత్తలేదు.

పోయిన షాబానులో మా పర్‌దాదీ సమాధి దగ్గర రెండు ఇళ్ళవాళ్ళమూ కలిసి యాసీన్ చదివినాము. ఆయనకు సమాధి లేదు గనుక ఆమె దగ్గరే ఇద్దరికీ దుఆ చేసినాము. మా చిన్నమ్మాయి పెళ్ళిపత్రిక మొదటిది ఆ ఇంటికే ఇచ్చినాము.

మీ ఇళ్ళలో గుండ్రటి బిళ్ళలు, పతకాలు, పాత పింఛను కాగితాలు ఉంటే తీసి చూడండి. చింతపండు పెట్టి తోమకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. రెండో యుద్ధంలో బర్మా, సింగపూరు పోయి రానివాళ్ళ పేర్లు కూడా అదే జాబితాలో వెతకవచ్చు. ఆదివారాలు జుహర్ నమాజు తర్వాత మేము సంఘం గదిలో ఉంటాము, పట్టుకు రండి, కూర్చుని చదువుదాము. ఉర్దూ, పార్సీ కాగితాలైనా సరే.

చిచ్చా గారు ఈ సభలో మూడో వరుసలో కూర్చున్నారు. ఆయన పతకం తెచ్చినారు, మేము బిళ్ళ తెచ్చినాము. రెండూ ఆ మూల బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి, భోజనాల దాకా ఉంటాయి. బిళ్ళను ఈసారి బోర్లించలేదు. సెలవు. ఖుదా హాఫిజ్.